ప్రక్రియలూ మానవ సంబంధాలూ

మన తెలుగు వాచకాలలో ప్రతి పాఠానికీ ముందు వొక చిన్న పరిచయం కనిపిస్తుంది. యీ పాఠం కథానిక ప్రక్రియకు చెందినది, యిది శతకం, యిది సంపాదకీయం, యిది పీఠిక అని అందులో చెబుతారు. ఆ ప్రక్రియకు రెండు మూడు వాక్యాలలో నిర్వచనం కూడా యిస్తారు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత వచ్చిన పదవ తరగతి వాచకంలో పురాణానికీ కావ్యానికీ పక్కనే సంపాదకీయం, పీఠిక, గజల్ కూడా చోటు సంపాదించుకున్నాయి. పద్యం తప్ప మరొకటి చదువు కాదనుకున్న రోజులతో పోలిస్తే యిది మంచి మార్పే. కాదనేవారుండరు.

కాని ఆ విద్యార్థి కళాశాలకు వచ్చేసరికి అతని దగ్గర మిగిలేదేమిటి? తెలుగు పాఠం చెప్పడం నా వృత్తి గనక యీ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. మిగిలేది వొక జాబితా. శతకమంటే నూరుకు పైబడిన పద్యాలూ, వొక మకుటమూ. ఉదాహరణ కావ్యమంటే వొక్కొక్క విభక్తికి వొక్కొక్క పద్యమూ, కళికా, ఉత్కళికా. నానీ అంటే నాలుగు పాదాలూ, యిరవై నుంచి యిరవై అయిదు అక్షరాలూ. పోటీ పరీక్షలలో ఎడమ పక్క రచన పేర్లూ, కుడి పక్క ప్రక్రియల పేర్లూ యిచ్చి జతపరచమంటారు. విద్యార్థి జతపరుస్తాడు, మార్కులు పడతాయి. కాని శతకకర్త పద్యం పద్యానికీ అదే పేరు పెట్టి ఎవరిని పిలుస్తున్నాడు, ఎందుకు పిలుస్తున్నాడు, ఆ పిలుపును పక్కనుంచి వింటున్నదెవరు అని అడిగితే సమాధానం రాదు. అడిగినవాళ్ళు లేరు గనక అతను ఆలోచించి వుండడు.

యీ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది వొక్కటే. ప్రక్రియ అనేది కొలతల పట్టిక కాదు. వొక మనిషి మరొక మనిషితో, వొక వర్గం మరొక వర్గంతో, వొక అవసరం కోసం మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ సంబంధం తీసుకున్న రూపమే ప్రక్రియ. ఆ సంబంధాన్ని దాచిపెట్టి రూపాన్ని మాత్రమే బోధించడం భాషాబోధనలో పెద్ద లోపం. యీ లోపంవల్ల ఎక్కువ నష్టపోయేది యింట్లో చదువు లేని కుటుంబాలనుంచి వచ్చిన పిల్లలు.

లక్షణ గ్రంథాలను తిట్టడం మనలో కొందరికి అలవాటు. ఆ తిట్టు అన్నివేళలా న్యాయం కాదు. లక్షణం పుట్టినప్పుడు అది వున్నదాన్ని వర్ణించింది. దండి కావ్యాన్ని గద్యం, పద్యం, మిశ్రం అని మూడుగా విభజించాడు. ఆయనకు ముందునుంచీ కథ వేరు, ఆఖ్యాయిక వేరు అనే వాదం వుంది. ఆఖ్యాయికలో నాయకుడే తన వృత్తాంతం చెప్పుకోవాలని, కథలో యితరులు చెప్పవచ్చునని, యిలాంటి భేదాలు కొన్ని చూపేవారు. దండి వాటిని వొక్కొక్కటే పరిశీలించి, యీ నియమాలను దాటిన రచనలు కనబడుతున్నాయి గనక యివి రెండు జాతులు కావు, వొకే జాతికి రెండు పేర్లు అని తేల్చాడు. నియమానికి రచన లొంగకపోతే రచనను తప్పుపట్టకుండా నియమాన్ని సవరించిన విమర్శకుడాయన. మనకు కావలసింది యీ దృష్టి. కాని తరువాతి కాలంలో లక్షణం వర్ణన కావడం మానేసి శాసనమయింది. పద్దెనిమిది వర్ణనలూ వుంటేనే ప్రబంధం అన్నారు. నగరమూ, సముద్రమూ, ఋతువులూ, చంద్రోదయమూ, జలక్రీడా అందులో వుండాలి. ఆ నగరానికి నీళ్ళు మోసినవాడు వుండాలని ఏ లక్షణకర్తా అనలేదు.

యిక్కడ రెండు విషయాలను విడదీసుకోవాలి. కథనం, వర్ణన, వివరణ, వాదం—యివి చెప్పే పద్ధతులు. ఏ భాషలోనైనా, ఏ రచనలోనైనా యివి కలగలిసి వుంటాయి. ప్రక్రియ అలాంటిది కాదు. అది యీ పద్ధతులను వొక ప్రయోజనం కోసం వొక వరుసలో కూర్చుకుంటుంది. రైతు రాసే అర్జీలో ముందు కథనం వుంటుంది: ఫలానా రోజున వాన కురిసింది, చెరువు గట్టు తెగింది. తరువాత వర్ణన: యిన్ని ఎకరాలలో యిసుక మేట వేసింది. ఆపైన వాదం: గట్టు బాగుచేయవలసిన శాఖ ఫలానాది, కనక నష్టపరిహారం యిప్పించాలి. కథానికలోనూ యివే పద్ధతులు వుంటాయి. కాని అర్జీలోని వర్ణన కొలవదగినదై వుండాలి. కథలోని వర్ణన అనుభవానికి రావాలి. ప్రబంధంలో వర్ణన కథను మింగి కూర్చుందంటే కవికి కథ చెప్పడం రాక కాదు. కథ ముందే తెలిసిన, తీరిక వున్న, సభలో కూర్చున్న శ్రోత ఎదుట వున్నాడు. ఆ శ్రోతను చూడకుండా ప్రబంధ లక్షణాలను వల్లెవేయించడం, పల్లకి చూపించి అందులో కూర్చున్నవాడి పేరు చెప్పకపోవడం వంటిది.

శ్రోత మారితే రూపం ఎలా మారుతుందో పాల్కురికి సోమనాథుడు చూపించాడు. గద్యపద్యాలు కలిపిన చంపూ మార్గం అప్పటికే గౌరవం పొందింది. ఆయన బసవపురాణానికి దాన్ని కాదని ద్విపదను ఎన్నుకున్నాడు. ప్రౌఢమైన గద్యపద్యాలకన్న జానుతెనుగు సర్వసామాన్యమని కారణం తానే చెప్పుకున్నాడు. చాకలీ, కుమ్మరీ, చెప్పులు కుట్టేవాడూ భక్తులుగా నిలబడిన పురాణం వారికే వినబడాలంటే అది పాడుకోవడానికి వీలుగా వుండాలి. ద్విపద ఛందస్సు అంటే మూడు యింద్రగణాలూ, వొక సూర్యగణమూ అని మనం పాఠం చెబుతాం. అది నిజమే. కాని సోమనాథుడు గణాలు లెక్కపెట్టి ద్విపదను ఎన్నుకోలేదు, మనుషులను లెక్కపెట్టి ఎన్నుకున్నాడు. తరువాతి పండితులు ద్విపదను చిన్నచూపు చూడడానికి కారణం కూడా గణాలలో లేదు.

లక్షణకర్తలు చూసిన ప్రక్రియలకన్న చూడనివి ఎక్కువ. మనకు దొరికినంతలో తొలి తెలుగు రచన కావ్యం కాదు. కడప జిల్లా కలమళ్ళలో దొరికిన ఆరో శతాబ్దపు రేనాటి చోళుల శాసనం అది. నన్నయ భారతానికి దాదాపు అయిదు వందల ఏళ్ళ ముందటిది. శాసనం కూడా వొక ప్రక్రియే, దానికీ అంగాలున్నాయి. దానశాసనంలో ఏలిక ప్రశస్తి, దాత, దానం పుచ్చుకున్నవాడు, భూమి ఎల్లలు, చివర దానాన్ని చెరిచినవారికి శాపం వుంటాయి. అనేక తామ్రశాసనాలలో మరొక విశేషం కనబడుతుంది. రాజు వంశప్రశస్తి సంస్కృత శ్లోకాలలో వుంటుంది. పొలం ఎల్లలు చెప్పవలసి వచ్చేసరికి తెలుగు వచనం దిగుతుంది. ప్రశస్తి వినవలసింది పండితులూ, సాటి రాజులూ. తూర్పున చింతచెట్టు, పడమర వాగు అన్న మాట అర్థం కావలసింది అక్కడ నాగలి పట్టేవాడికీ, అతని పక్క పొలంవాడికీ. వొకే రాగిరేకు మీద రెండు భాషలు, రెండు శైలులు, యిద్దరు శ్రోతలు. ప్రక్రియను గురించి యింతకన్న స్పష్టమైన పాఠం ఏ అలంకార గ్రంథంలోనూ దొరకదు. అయినా మన సాహిత్య పాఠ్యప్రణాళికలో శాసనం భాషాచరిత్ర పత్రానికి ధ్వనుల మార్పులు చూపే ఉదాహరణగానే మిగిలిపోయింది.

కైఫీయతుల సంగతీ అంతే. కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి సహాయకులూ ఊరూరా సేకరించిన స్థానిక చరిత్రలవి. గ్రామ కరణాల దగ్గర వున్న కవిలెలు వాటికి ఆధారం. వీటిని చాలాకాలం చరిత్రకారులు పుక్కిటి పురాణాలని పక్కనబెట్టారు, సాహిత్యకారులు లెక్కల కాగితాలని పక్కనబెట్టారు. 2001లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన గ్రంథంలో వొక కీలకమైన వాదం చేశారు. దక్షిణ భారతంలో చరిత్రకు ప్రత్యేకించి వొక ప్రక్రియ అంటూ లేదని, ఆయా కాలాలలో చెలామణిలో వున్న ప్రక్రియలలోనే చరిత్ర రాశారని, అది చరిత్ర అని ఆనాటి పాఠకుడు రచన పోగడను బట్టి గుర్తుపట్టేవాడని వారి వాదం. దానిలోని ప్రతి వివరాన్నీ అంగీకరించనక్కరలేదు. కాని ప్రక్రియను గుర్తించడం రచయితకూ పాఠకుడికీ మధ్య వొడంబడిక అనే మాట కాదనలేనిది.

వ్యావహారిక భాషా వివాదం కూడా వొక విధంగా ప్రక్రియల వివాదమే. గ్రాంథికవాదులు తెలుగు వచనానికి ప్రమాణం వెతికినప్పుడు కావ్యాలవైపూ, కావ్య భాషకు రాసిన వ్యాకరణాలవైపూ చూశారు. గిడుగు రామమూర్తి శాసనాలవైపూ, స్థానిక చరిత్రలవైపూ, వ్యాఖ్యానాలవైపూ చూశాడు. తమ కాలపు వాడుకలో వచనం రాసే సంప్రదాయం తెలుగువారికి ఎప్పటినుంచో వుందని సాక్ష్యాలతో చూపాడు. అంటే ఏ రచనలను రచనలుగా లెక్కించాలన్నదే అసలు తగాదా. గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించాడు. వాడుక తెలుగు కోసం పోరాడిన ఆ పత్రాన్ని ఆయన ఇంగ్లీషులో రాశాడు. కొందరికి యిది వింతగా తోస్తుంది. వింత ఏమీ లేదు. అసమ్మతి పత్రం అనేది సంఘంలో సభ్యుడు పై అధికారులకు రాసే ప్రక్రియ. ఆనాటి విశ్వవిద్యాలయం వినే భాషలో, వినే రూపంలో ఆయన రాశాడు. ముత్యాలసరాలు రాసిన చేయి కన్యాశుల్కం రాసింది, అదే చేయి ఆ పత్రమూ రాసింది. మూడు చోట్లా మూడు గొంతులు. గురజాడ గొప్పతనంలో యిదొక భాగమని మన పాఠాలు చెప్పవు.

నిర్వచనం వొకసారి పీఠమెక్కితే ఎవరిని లోపలికి రానివ్వాలో అదే నిర్ణయిస్తుంది. తొలి తెలుగు కథానిక ఏది అనే చర్చ చూడండి. 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’కే చాలాకాలం ఆ స్థానం దక్కింది. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే వచ్చింది. ఆమె కథలు కథానికలు కావని, కథానికకు వుండవలసిన బిగువూ, ఏకాగ్రతా, ముగింపులో మెరుపూ వాటిలో లేవని వాదించినవారున్నారు. ఆ లక్షణాలు ఎక్కడినుంచి వచ్చాయి? పడమటి కథలనుంచీ, ‘దిద్దుబాటు’ వంటి రచనలనుంచే తీసినవి. వొక రచననుంచి కొలత తీసి, ఆ కొలతతో మరొక రచనను కొలిచి, పొట్టిదని తీర్పు చెప్పడం తర్కం కాదు. అచ్చమాంబ ఎవరికోసం రాసింది? స్త్రీల పత్రికలు చదువుతున్న, అప్పుడప్పుడే అక్షరాలు నేర్చిన యిల్లాళ్ళ కోసం రాసింది. ఆ సంబంధంలోనుంచి ఆ కథల నడక పుట్టింది. దీనివల్ల గురజాడ చిన్నవాడు కాడు. ‘దిద్దుబాటు’ శిల్పం శిల్పమే. కాని ప్రక్రియా నిర్వచనం నిష్పక్షపాతమైన తరాజు కాదనీ, దాన్ని పట్టుకున్న చేయి ఎవరిదో చూడాలనీ యీ చర్చ మనకు నేర్పుతుంది.

యింతవరకూ సాహిత్యం మాట. యిక సాహిత్యం కాదని మనం వొదిలేసిన కాగితాల దగ్గరకు వద్దాం. తెలుగు పల్లెలో పద్యం రాని యిల్లు వుంటుంది గాని ప్రోనోటు తెలియని యిల్లు వుండదు. ప్రోనోటు చాలా చిన్న రచన, పది పన్నెండు పంక్తులు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం దానికి లక్షణం చెప్పింది. షరతు లేకుండా, యింత మొత్తమని స్పష్టంగా చెప్పి, ఫలానావారికి చెల్లిస్తానని రాసి సంతకం చేసిన కాగితమే ప్రోనోటు. అప్పువున్నానని వొప్పుకుంటే చాలదు, చెల్లిస్తానన్న వాగ్దానం వుండాలి. నా పెళ్ళి అయిన ఏడు రోజులకు యిస్తాను అంటే ప్రోనోటు కాదని ఆ చట్టమే ఉదాహరణ చూపింది. పెళ్ళి జరగకపోవచ్చు గదా! ఏ ఆలంకారికుడూ యింత కచ్చితంగా లక్షణం చెప్పలేదు. యిక్కడ లక్షణం తప్పితే పోయేది రసం కాదు, పొలం.

మూడేళ్ళు దాటితే ప్రోనోటుకు కాలదోషం పడుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. కాని గడువు లోపల కొంత సొమ్ము యిచ్చి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజునుంచి మళ్ళీ మూడేళ్ళ గడువు మొదలవుతుందని ఎంతమందికి తెలుసు? బాకీలో కొంత తీరిందని రైతు అనుకుంటాడు. తన సంతకంతో బాకీకి కొత్త ఆయుష్షు పోసినట్టు అతనికి తెలియదు. ఆ వెనక పంక్తి వొక ప్రత్యేకమైన రచన. రైతుకు అది రసీదులాగా కనిపిస్తుంది, న్యాయస్థానంలో అది వొప్పుకోలుగా పనిచేస్తుంది. అదే అక్షరాలు, రెండు అర్థాలు. ప్రక్రియ తెలిసినవాడు వొక అర్థం చదువుకుంటాడు, తెలియనివాడు మరొక అర్థం చదువుకుంటాడు. యిక ఖాళీ ప్రోనోటు మీద సంతకం చేయించుకోవడం సంగతి చెప్పనక్కరలేదు. అక్షరాలు వచ్చినంతమాత్రాన చదవడం వచ్చినట్టు కాదు. అక్షరాస్యతకూ ప్రక్రియాజ్ఞానానికీ మధ్య వున్న యీ దూరంలోనే దోపిడీ కాపురముంటుంది.

వొక ఏడాది నా తరగతిలో వొక చిన్న ప్రయత్నం చేశాను. చెరువు గట్టు తెగి పంట పోయిందన్న వొక్క సంఘటన యిచ్చి, తహసీల్దారుకు అర్జీ, పత్రికకు వార్త, పట్నంలో వున్న అన్నకు ఉత్తరం, ఊళ్ళో పంచడానికి కరపత్రం, నాలుగూ రాయమన్నాను. చాలామంది నాలుగింటినీ వొకే తీరున రాశారు. ప్రకృతి ప్రకోపించిందన్నారు, అన్నదాత కన్నీరు మున్నీరయ్యాడన్నారు. అర్జీలో సర్వే నెంబరు లేదు, ఎన్ని ఎకరాలో లేదు, ఏ తేదీయో లేదు, ఏం కావాలో లేదు. ఉత్తరంలో అన్నకు చెప్పవలసిన అమ్మ ఆరోగ్యం లేదు. వాళ్ళకు భాష రాదని యెవరైనా అనగలరా? అలంకారాలు దండిగా వచ్చు. వ్యాసరచన అనే పేరుతో పదేళ్ళుగా మనం వాళ్ళకు నేర్పింది వొకే గొంతు—ఎవరినీ ఉద్దేశించని, పరీక్ష దిద్దే ఉపాధ్యాయుణ్ణి మాత్రమే మెప్పించే గొంతు. వొక విద్యార్థిని అర్జీ మాత్రం తక్కినవాటికి భిన్నంగా వుంది. అందులో విశేషణం వొక్కటి లేదు, అంకెలన్నీ వున్నాయి. వాళ్ళ నాన్న వెంట మండల కార్యాలయానికి పలుమార్లు తిరిగిన పిల్ల ఆమె. ఆమెకు ఆ ప్రక్రియను బడి నేర్పలేదు, కార్యాలయం గుమ్మం నేర్పింది.

అర్జీ రూపం వెనక కూడా వొక చరిత్ర వుంది. ‘మహారాజశ్రీ’ అని మొదలుపెట్టి, తమ దయకు పాత్రుణ్ణి చేయవలసిందని ప్రార్థించి, విధేయుడనని ముగించే అర్జీ, ఏలికకూ ప్రజకూ మధ్య సంబంధానికి రూపం. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఆ చట్టం కింద దరఖాస్తుదారు సమాచారం తనకెందుకో కారణం చెప్పనక్కరలేదు. రాయలేకపోతే నోటితో చెప్పిన కోరికను కాగితం మీద పెట్టడానికి అధికారే సాయపడాలి. మామూలుగా ముప్ఫై రోజులలో జవాబు యివ్వాలి. అంటే అడిగేవాడికీ యిచ్చేవాడికీ మధ్య సంబంధం చట్టంలో మారింది, ప్రార్థన ప్రశ్నయింది. కాని మన విద్యార్థి యీ దరఖాస్తు రాసినా పాత మర్యాదలే వల్లిస్తాడు: తమరు దయతో అనుగ్రహించవలసిందని వేడుకుంటాడు. లేఖారచన పాఠంలో అతనికి నేర్పింది ఆ నమూనాయే. సంబంధం మారినా రూపం మారకపోతే, పాత రూపం పాత సంబంధాన్నే మనసులో నిలబెడుతుంది. వంగిన వాక్యం నడుమును కూడా వంచుతుంది.

యీ విషయంమీద పడమటి దేశాలలో జరిగిన ఆలోచన మనకు కొంత వుపయోగపడుతుంది. రష్యన్ విమర్శకుడు బఖ్తిన్ 1950ల తొలి సంవత్సరాలలో రాసిన వ్యాసం వొకటి ఆయన మరణించిన తరువాత గాని వెలుగు చూడలేదు. మనం ఎప్పుడు నోరు విప్పినా ఏదో వొక మాటల ప్రక్రియలోనే విప్పుతామని, పలకరింపూ, ఆజ్ఞా, ఉత్తరమూ వంటి సరళ ప్రక్రియలను నవలవంటి సంక్లిష్ట ప్రక్రియలు తమలో జీర్ణించుకుంటాయని ఆయన సిద్ధాంతం. మనకు కన్యాశుల్కంకన్న మంచి ఉదాహరణ అక్కరలేదు. గిరీశం ఉపన్యాస ధోరణి, పెళ్ళి బేరాలు, కోర్టు వ్యవహారం, యిన్ని మాటల ప్రక్రియలు తెలిసినవాడు గనకనే గురజాడ ఆ నాటకం రాయగలిగాడు. తరువాత 1980లలో ఆస్ట్రేలియాలో హాలిడే భాషాశాస్త్రాన్ని ఆధారం చేసుకుని జిమ్ మార్టిన్, జోన్ రాతెరీ మొదలైనవారు సిడ్నీ బడులలో పిల్లల రచనలను పరిశీలించారు. చిన్న తరగతులలో పిల్లలచేత కథలూ అనుభవాలే రాయిస్తున్నారని, పై చదువులకూ పౌరజీవితానికీ కావలసిన నివేదిక, వివరణ, వాదం ఎవరూ నేర్పడం లేదని, యింట్లో ఆ చదువు వున్న పిల్లలు వాటిని అక్కడే నేర్చుకుంటుంటే కార్మికుల పిల్లలూ వలస వచ్చినవారి పిల్లలూ వెనకబడుతున్నారని చెప్పారు. అందుకు వారు సూచించిన మార్గం సాదాగా వుంది: ముందు వొక మంచి నమూనాను కలిసి చదవాలి, తరువాత తరగతి మొత్తం కలిసి అలాంటిదొకటి రాయాలి, ఆ తరువాతే పిల్లవాడు వొంటరిగా రాయాలి.

దీనికి రెండు వైపులనుంచి అభ్యంతరాలు వస్తాయి. సాహిత్యాభిమానులు, ప్రోనోటునూ అర్జీనీ తరగతిలోకి తెస్తే పోతనకూ శ్రీశ్రీకీ చోటెక్కడ అంటారు. యీ భయం నిరాధారం. అర్జీలో మాట ఎంత బరువు మోస్తుందో తెలిసినవాడికే పద్యంలో మాట బరువు తెలుస్తుంది. శాసనంలోని శాపవాక్యం చదివినవాడికే వొక మాట భూమిని కాపాడగలదని మనుషులు ఎలా నమ్మారో అర్థమవుతుంది. సాహిత్యాన్ని తక్కిన రచనలనుంచి విడదీసి గుడిలో పెట్టిన తరువాతే దానికి భక్తులు మిగిలారు, పాఠకులు తగ్గిపోయారు.

రెండో అభ్యంతరం మనవైపునుంచే వస్తుంది, దీన్ని తేలికగా తీసిపారేయలేం. అధికారుల రూపాలను పేదపిల్లలకు నేర్పడమంటే వున్న వ్యవస్థకు పనికివచ్చే గుమాస్తాలను తయారుచేయడం కాదా అని అడుగుతారు. సిడ్నీవారి మార్గం మీద కూడా అక్కడి విమర్శకులు యిలాంటి సందేహమే వెలిబుచ్చారు: శక్తిమంతుల ప్రక్రియ నేర్చినంతమాత్రాన శక్తి చేతికి రాదని. నిజమే, రాదు. ప్రోనోటు చదవడం వచ్చినంతమాత్రాన అప్పు తీరదు. నమూనాను నమూనాగానే వల్లెవేయిస్తే మనం విమర్శిస్తున్న లక్షణపాఠమే మళ్ళీ తయారవుతుంది, ఛందస్సుకు బదులు దరఖాస్తు వస్తుంది. అందుకే రూపంతోపాటు సంబంధాన్ని చెప్పాలని నేను పట్టుబడుతున్నాను. ఆ సంబంధం తెలిసినవాడు రూపాన్ని వంచగలడు కూడా.

బుర్రకథ దీనికి సాక్ష్యం. జంగం కథకులు యింటింటా తిరిగి బాలనాగమ్మ కథో, బొబ్బిలి కథో చెప్పి పొట్టపోసుకున్న ప్రక్రియ అది. తంబురా పట్టిన కథకుడు, పక్కన యిద్దరు వంతలు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఆ రూపాన్ని చేపట్టింది. షేక్ నాజర్ వంటి కళాకారులు దాన్ని వొడుపుగా నేర్చారు. సుంకర సత్యనారాయణ వంటి రచయితలు దానికి కొత్త కథలు రాశారు. వంతలలో వొకరు హాస్యం చెబితే మరొకరు రాజకీయం చెప్పసాగారు. కథ సాగుతూండగా ఆపి, యిది నేటికి ఎలా వర్తిస్తుందో ప్రశ్నించే వెసులుబాటు ఆ రూపంలో వుంది. వారు ఆ వెసులుబాటును కనిపెట్టి వాడుకున్నారు. పాత శ్రోత భిక్ష వేసే గృహస్థు, కొత్త శ్రోత సభకు వచ్చిన కూలీ, రైతు. శ్రోత మారాడు, ప్రయోజనం మారింది, రూపం సాగి వాటికి లొంగింది. బుర్రకథ లక్షణాలు బట్టీపట్టినవారు యీ పని చేయలేదు. బుర్రకథ ఎందుకు జనాన్ని కట్టిపడేస్తుందో తెలిసినవారు చేశారు. పాతిక అక్షరాలనీ, ఆరు పంక్తులనీ లెక్కలు కట్టి ఏటేటా కొత్త కవితారూపాలను ప్రకటిస్తున్నవారు యీ సంగతి కొంచెం ఆలోచిస్తే బాగుంటుంది. అక్షరాల సంఖ్య మార్చినంతమాత్రాన ప్రక్రియ పుట్టదు. చెప్పవలసిన కొత్త మాటా, వినవలసిన కొత్త మనిషీ వుంటే రూపం తనంత తానే వెతుక్కుంటూ వస్తుంది.

అయితే చేయవలసినదేమిటి? పాఠ్యప్రణాళికలు మార్చేదాకా ఆగనక్కరలేదు. ఏ పాఠం చెప్పినా నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. మాట్లాడుతున్నదెవరు? ఎవరితో? ఏ పని జరగాలని? యీ మాటకు జవాబు చెప్పే అధికారం ఎవరికుంది? సుమతీ శతకాన్నీ యీ ప్రశ్నలు అడగవచ్చు, కరెంటు బిల్లునూ అడగవచ్చు. ప్రక్రియలను జంటలుగా బోధించడం మరొక మార్గం. శాసనం పక్కన యిప్పటి దాన దస్తావేజు, సంపాదకీయం పక్కన కరపత్రం, స్మృతిగీతం పక్కన పంచనామా. వొకే మరణాన్ని స్మృతిగీతం ఎలా చెప్పింది, పంచనామా ఎలా చెప్పింది, దేనిలో ఏది దాగిపోయింది అని చూసిన విద్యార్థి మర్నాడు దినపత్రికను వేరే కళ్ళతో చదువుతాడు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. ప్రభుత్వం తెలుగులో రాయాలన్న కోరిక న్యాయమే. కాని ఆ తెలుగు జీ.ఓ.ను చదివి, యిందులో నా వూరికి దక్కినదేమిటి, ఏ మాట చాటున దక్కకుండా పోయింది అని అడగగల పౌరుడు లేకపోతే, తెలుగులో వచ్చినా అది పరభాషే.

పరీక్షలో జతపరిచే ప్రశ్న వుండనీయండి, దానితో తగాదా లేదు. దాని పక్కన మరొక ప్రశ్న చేర్చండి. వొక ప్రోనోటు నకలు యిచ్చి, యిందులో ఏ మాట తీసేస్తే యిది ప్రోనోటు కాకుండా పోతుంది, ఆ మాట ఎవరికి మేలు, ఎవరికి కీడు అని అడగండి. ఆ జవాబు రాయగలిగిన పిల్లవాడు శతకానికి మకుటం ఎందుకుందో కూడా చెబుతాడు. అంతకుమించి, సంతకం పెట్టమని రేపు ఎవరైనా కాగితం ముందుకు తోస్తే, కలం పట్టుకునే ముందు దాన్ని చివరిదాకా చదువుతాడు.